బానెట్ లేపి చూడు బిడ్డా

మేము హైదరాబాద్ అంచున బాలాపూర్‌లో జాగా కొన్నప్పుడు ఇంటి వెనక జొన్నచేలు ఉండేవి. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితే ఊరు విడిచి పల్లెకు పోతున్నట్టే ఉండేది. ఇప్పుడు నాలుగు దిక్కులా ఇళ్ళు లేచాయి. ఇంటి ముందున్న వేపచెట్టు, దాని కింద కారు నిలబెట్టుకునే జాగా మాత్రం అట్లాగే మిగిలాయి. ఆ చెట్టు కింద ముప్పై ఏళ్ళలో మూడు బండ్లను నా చేతులతో కడుక్కున్నాను. మొదటిది సెకండ్‌హ్యాండ్ మారుతి 800, తర్వాత ఒక డీజిల్ బండి, ఇప్పుడున్నది చిన్న పెట్రోలు కారు. నేను మెకానిక్‌ని కాను, సర్కారు కొలువు చేసి రిటైరైనవాణ్ణి. తప్పులు చేసి, నష్టపోయి నేర్చుకున్నవే నాకు తెలిసినవన్నీ.

మొన్న దసరాకు మూడు వారాల ముందు మా తమ్ముని కొడుకు ఎల్బీనగర్ నుంచి ఫోన్ చేశాడు. కొత్తగా పాత కారు కొన్నాడు. "పెద్దనాన్నా, బానెట్ లేపితే ఇంజన్ అంతా నల్లగా ఉంది. వాటర్ వాష్‌కు ఇచ్చి డీజిల్ కొట్టించనా?" అన్నాడు. "వద్దు బిడ్డా, ఆదివారం పొద్దున బండి తీసుకుని రా" అన్నాను. ఆ పూట వాడికి చెప్పినవీ, చేసి చూపించినవీ ఇక్కడ రాస్తున్నాను. ఇంటి ముందు బండి పెట్టుకున్న ఎవరికైనా పనికొస్తాయి.

1. మెరుపు కోసం మొదలుపెట్టవద్దు

ఇంజన్ మీద పేరుకున్న మడ్డి దానంతట అదే పెద్ద హాని చేయదు. దాని కింద ఏముందో మనకు కనపడనివ్వకపోవడమే దానితో వచ్చే చిక్కు. ఎక్కడో ఒక ప్యాకింగ్ నుంచి ఆయిల్ చెమర్చుతుంది. దాని మీద దుమ్ము పడుతుంది, మళ్ళీ ఆయిల్, మళ్ళీ దుమ్ము. ఏడాదికి అది తారులాగ గట్టిపడి, లీకు కొత్తదో పాతదో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది. కూలెంట్ కారితే పచ్చగానో గులాబీ రంగులోనో చార పడుతుంది, మడ్డి ఉంటే అదీ కనపడదు. రబ్బరు పైపు మీద వెంట్రుకవాసి చీలిక వచ్చినా అంతే.

అందుకే శుభ్రం చేసే ముందు ఒకసారి, చేశాక ఒకసారి టార్చిలైటు వేసి చూడాలి. ఎక్కడ తడి ఉంది, ఎక్కడ రంగు మారింది, ఏ పైపు నొక్కితే మెత్తబడింది, ఏది పెళుసెక్కింది అన్నీ గమనించాలి. మా వాడి బండిలో ఇంజన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవర్ పక్కన నల్లటి మడ్డి అరచేతి వెడల్పున ఉంది. కొన్నప్పుడు చూసిన మెకానిక్ ఒకాయన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయింది, ఇంజన్ విప్పాలి అన్నాడట. "విప్పేది తర్వాత, ముందు చూద్దాం" అన్నాను. ఆ మచ్చ సంగతి చివర్లో చెబుతాను.

2. ముందు పుస్తకం, ఆ తర్వాతే బకెట్

ప్రతి కారుతోనూ ఒక పుస్తకం వస్తుంది. గ్లవ్ బాక్స్‌లో కవరు కూడా చింపకుండా ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. ఇంజన్ దగ్గర నీళ్ళు వాడవచ్చా, వాడితే దేనికి తగలకూడదు అనేది అందులో రాసి ఉంటుంది. ఇంజన్ గదిలోకి నీళ్ళు కొట్టవద్దని హెచ్చరించే కంపెనీలు చాలా ఉన్నాయి. ఫ్యూజ్ బాక్స్ ఎక్కడ, గాలి పీల్చుకునే నోరు ఎక్కడ, ఇంజన్ కంప్యూటర్ ఏ మూల ఉందో బొమ్మ చూసి తెలుసుకోవాలి. చేయి పెట్టకముందే ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకోవాలి. ఏ తీగ ఎక్కడ ఉండేదో తర్వాత గుర్తు రాకపోతే అవే దిక్కు.

హైబ్రిడ్ బండ్లు, కరెంటు బండ్లు ఉన్నవాళ్ళకు ఇంకో మాట. బానెట్ కింద నారింజ రంగు తొడుగున్న లావు తీగలు కనపడితే అవి ప్రాణాలు తీయగల కరెంటు తీగలు. ఆ బండ్లకు పైపైన పొడిగుడ్డతో తుడుచుకోవడమే మన పని, మిగతాది తెలిసినవాళ్ళకు వదలాలి. సీఎన్‌జీ బండి అయితే గ్యాసు వాసన వస్తుందేమో ముందు చూసుకోవాలి. ఏమాత్రం వాసన తగిలినా ఆ రోజు కడిగే పని పెట్టుకోవద్దు.

3. వేడి దిగాలి, బ్యాటరీ తీగ ఊడాలి

మా వాడు ఎల్బీనగర్ నుంచి వచ్చీ రాగానే బానెట్ లేపి చేతులు పైకి లాగాడు. "కూర్చో, చాయ్ తాగు" అన్నాను. ఇంజన్ లోపల తిరిగే కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొగ బయటికి పోయే ఇనుప గొట్టం వేడి అంతకు ఎన్నో రెట్లు. దాని మీద చన్నీళ్ళు పడితే లోహం ఒక్కసారిగా ముడుచుకుని బీటలు వారవచ్చు. మడ్డి వదిలించే మందు చల్లితే అక్కడికక్కడే ఎండి మరక కడుతుంది, పొగలు ముక్కుకెక్కుతాయి. అరగంట నుంచి ముప్పావుగంట ఆగాలి. ఇంజన్ మీద అరచేయి పెట్టి నిమ్మళంగా ఉంచగలిగితే పని మొదలుపెట్టవచ్చు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఏ పరిస్థితిలోనూ తిప్పకూడదు. లోపల ఒత్తిడితో ఉన్న నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

తర్వాత 10 నంబర్ పానాతో బ్యాటరీ మైనస్ తీగ ముందు తీయాలి. బండి ఒళ్ళంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. ప్లస్ దగ్గర పానా తిప్పుతుంటే అది పొరపాటున పక్క ఇనుముకు తగిలిందంటే నిప్పులు రాలతాయి. మైనస్ ముందే తీసి ఉంటే ఆ భయం లేదు. మళ్ళీ బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. బ్యాటరీ తీస్తే గడియారం, రేడియో, కొన్ని బండ్లలో అద్దాల స్విచ్చులు మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది. ఉంగరాలు, చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాకే పానా పట్టుకోవాలి.

4. సగం పని పొడిగానే అయిపోవాలి

తొందరపడి నీళ్ళు పోస్తే దుమ్ము బురదవుతుంది. అది తీగల సందుల్లోకి పోయి మరింత మొండికేస్తుంది. ముందు వైపర్ల కిందున్న జాలీలో ఆకులు ఏరాలి. మా వేపచెట్టు ఆకు సన్నది, జాలీలోంచి జారి లోపలి నీటి దారిని మూసేస్తుంది. వానాకాలం ఆ నీళ్ళు పోవడానికి తోవలేక ఏసీ బ్లోయర్‌లోకి దిగుతాయి. బండిలో ముక్క వాసన వస్తోందని సీటు కవర్లు ఉతికేవాళ్ళను చూశాను. అసలు సంగతి ఆ జాలీలో ఉంటుంది.

మా ఊళ్ళో ఇంకో దుమ్ము కూడా ఉంది, వినాయక నిమజ్జనం రోజు లేచేది. బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై, 2024లో 30 లక్షలు దాటింది. ఆ వేలం ముగిశాక శోభాయాత్ర హుస్సేన్‌సాగర్‌కు కదులుతుంటే గులాల్, రంగు కాగితాల తునకలు గాలిలో లేచి దారి పక్క నిలబెట్టిన బండ్లన్నిటి మీదా పడతాయి. ఒక ఏడు నిమజ్జనం అయిన వారానికి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే దాని మడతలు గులాబీ రంగులో ఉన్నాయి. రేడియేటర్ ముందు జాలీకి కాగితాలు తడిసి అతుక్కుపోయాయి. గాలి ఆడక ఇంజన్ వేడెక్కేది అందుకే. అప్పటి నుంచి నిమజ్జనం తర్వాత మొదటి ఆదివారం బానెట్ లేపడం నాకు అలవాటైంది.

రెండించుల పెయింట్ బ్రష్, పాత టూత్‌బ్రష్, ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే అది, ఇవి చాలు పొడి పనికి. రేడియేటర్ జాలీ రేకులు వేలితో నొక్కినా వంగిపోతాయి, అక్కడ బ్రష్ నిలువుగా, మెల్లగా ఆడించాలి. ఎలుక పెంటికలు, పీచు గూడు కనపడితే ఊడ్చవద్దు, ఊదవద్దు. గ్లవ్స్, మాస్క్ పెట్టుకుని, ముందు ఫినాయిల్ నీళ్ళతో తడిపి, కాసేపాగి కాగితంతో ఎత్తి పారేయాలి. ఎలుకల వల్ల రోగాలు వస్తాయి. మా గల్లీలో ఒకాయన పూజ చేయించిన కొబ్బరిచిప్ప రెండు రోజులు బండిలోనే ఉంచాడు. వాసనకు వచ్చిన ఎలుక వైపర్ నీళ్ళ పైపు, రెండు తీగలు కొరికిపోయింది. అందుకని తీగల తొడుగు మీద పంటిగాట్లు ఉన్నాయేమో పొడి పని చేసేటప్పుడే చూసుకోవాలి.

5. నీళ్ళు తగలకూడని చోట్లు మూటగట్టాలి

ఈ పాఠం నాకు మారుతి 800 నేర్పింది. అది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్, కార్బురేటర్ బండి. కొన్న మొదటి దసరాకు ముందురోజు సాయంత్రం బావి మోటారు పైపు పెట్టి ఇంజన్‌ను తనివితీరా కడిగాను. మరునాడు పొద్దున పిల్లలు కొత్తబట్టలు కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. మా ఊరికి పోయి అమ్మతో జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళాలని అనుకున్నాం. తాళం తిప్పితే బండి గిర్రున తిరగడమే కానీ అందుకోలేదు. బ్యాటరీ నీరసించేదాకా తిప్పాను. చివరికి బస్సు పట్టుకుని పోయేసరికి పొద్దుగూకింది. ఆకు పంచుకోవడం అప్పటికే అయిపోయింది. అమ్మ గడపలో కూర్చుని మా కోసం చూస్తూనే ఉంది.

పండుగ మరునాడు మెకానిక్ వచ్చి డిస్ట్రిబ్యూటర్ మూత రెండు క్లిప్పులు తీసి చూపించాడు. లోపల గోడకు ఆవగింజంత నీటిచుక్కలు. ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు వేల వోల్టుల్లో ఉంటుంది, తడి దొరికితే అది ప్లగ్గుదాకా పోకుండా పక్క ఇనుములోకి దిగిపోతుంది. పొడిబట్టతో తుడిచి మూత పెట్టగానే బండి అందుకుంది. రెండు నిమిషాల పని తెలియక ఒక పండుగ పోగొట్టుకున్నాను.

ఇప్పటి బండ్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు కానీ, తడి తట్టుకోలేనివి అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. ఫ్యూజ్ బాక్స్, ఇంజన్ కంప్యూటర్, డైనమో అని మనం పిలిచే ఆల్టర్నేటర్, ప్లగ్గుల మీది కాయిళ్ళు, గాలి పీల్చే నోరు, ఆయిల్ గేజ్ పుల్ల నెత్తి, విడిగా వేలాడే తీగల ప్లగ్గులు. వీటికి ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేయాలి. ఎన్ని సంచులు కట్టామో లెక్కపెట్టుకోవాలి. తీసేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. గాలి నోటికి కట్టిన సంచి మరిచి బండి స్టార్ట్ చేస్తే మళ్ళీ అదో తంటా.

6. డీజిల్ వద్దు, కిరోసిన్ వద్దు, పెట్రోలు అసలే వద్దు

మా రెండో బండిని మెయిన్ రోడ్డు మీద ఒక వాటర్ వాష్ షెడ్డుకు ఇచ్చేవాణ్ణి. వాళ్ళు ఇంజన్ కడిగి, పైన డీజిల్ పిచికారీ చేసి ఇచ్చేవారు. ఇంటికొచ్చేసరికి నల్లగా నిగనిగలాడుతూ షోరూమ్ బండిలా ఉండేది. మూడో రోజుకు దాని మీద దుమ్ము పిండి జల్లినట్టు అతుక్కునేది. మళ్ళీ పోయి కడిగించేవాణ్ణి. ఏడాదిన్నరకు రేడియేటర్ పై పైపు చేత్తో నొక్కితే తడిసిన అట్టలా మెత్తగా, ఉబ్బి ఉంది. ఫ్యాన్ బెల్ట్ పొద్దున పూట కీచుమని అరిచేది. మెకానిక్ బెల్ట్ తీసి నా చేతికిచ్చాడు. లోపలి గాడులు జిడ్డుగా, నున్నగా ఉన్నాయి.

డీజిల్, కిరోసిన్ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తాయి, బలం తీస్తాయి. బెల్ట్‌కు తగిలితే పట్టు జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అవి మండేవి. వేడెక్కే లోహం, రాపిడయ్యే తీగలు ఉన్న గదిలో మండే నూనె పూయడం ఎట్లాంటి పనో ఆలోచించండి. పెట్రోలు ఆవిరి అయితే ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. షెడ్డులో పనిచేసే పిల్లలు ఆ తుంపరనే రోజంతా పీలుస్తారు. మనం అడగడం మానేస్తే వాళ్ళకూ ఆ బాధ తప్పుతుంది.

7. బకెట్ కన్నా తడిగుడ్డ మేలు

మడ్డి వదలడానికి నీళ్ళలో కలిసే డీగ్రీజర్ దొరుకుతుంది. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ దుకాణాల్లోనే కాదు, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ కారు సామాన్ల షాపుల్లో ఉంటుంది. డబ్బా మీద చెప్పిన పాళ్ళలో నీళ్ళు కలపాలి. చిక్కగా ఉంటే బాగా పోతుందనుకోవద్దు. ఘాటు క్షారం ఉన్న మందు రంగు వేయని అల్యూమినియం మీద తెల్లని మచ్చలు వేస్తుంది, ఆ మచ్చలు ఇక పోవు. బట్టల సోడా, బాత్‌రూమ్ యాసిడ్ ఈ పనికి ముట్టుకోవద్దు.

మందును ఇంజన్ మీదికి కాక, బ్రష్ మీదికి గానీ గుడ్డ మీదికి గానీ కొట్టుకుంటే ఎక్కడ తడి పడాలో మన చేతిలో ఉంటుంది. ఒక్కో మూల విడివిడిగా, కింది నుంచి పైకి పూస్తూ రావాలి. పై నుంచి మొదలుపెడితే కారిన చారలు కింద మరకలవుతాయి. మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి, ఎండకముందే టూత్‌బ్రష్‌తో రుద్ది, పిండిన తడిగుడ్డతో పై నుంచి కిందికి తుడవాలి. గుడ్డ నల్లబడగానే మడత మార్చాలి. మా పాత బనీన్లన్నీ ఇట్లాగే తమ కాలం తీర్చుకున్నాయి. మా వాడి బండి మొత్తానికి అరబకెట్ నీళ్ళు కూడా పట్టలేదు.

ప్రెషర్ గన్ సంగతి అడిగాడు. నా ఇప్పటి కారుకే ఒకసారి ఆ పని జరిగింది. చాలా పెట్రోలు ఇంజన్లలో ప్లగ్గులు లోతైన గుంతల్లో ఉంటాయి. గన్ నీళ్ళు కాయిల్ రబ్బరు పక్కనుంచి ఆ గుంతలో దిగాయి. బండి మిస్ కొట్టింది, చెక్ ఇంజన్ లైటు వెలిగింది. కాయిల్ లాగితే గుంతలో అర చెంచా నీళ్ళు. వానకు తట్టుకునేలా చేసిన సీలు గన్ దెబ్బకు నిలబడదు. ఇక ఆ గన్‌ను బానెట్ కిందికి రానివ్వలేదు.

నీళ్ళ రకం కూడా చూసుకోవాలి. మా వైపు బోరు నీళ్ళు ఉప్పదనం ఉన్నవి, గిన్నెల మీద లాగానే ప్లాస్టిక్ మీద కూడా తెల్లచారలు మిగులుతాయి. నల్లా నీళ్ళు నయం. ఆఖరి తుడుపుకు నేను ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టి వాడుతాను, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు, చార పడదు. కానీ వాటిని బ్యాటరీలో పోయకూడదు. దానికి దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరే.

8. బ్యాటరీ మీది తెల్లపొడి

బ్యాటరీ కొనల మీద తెల్లగా, నీలిపచ్చగా ఉప్పు పూసినట్టు ఉంటే అది లోపలి యాసిడ్ ఆవిరి లోహాన్ని తిన్న గుర్తు. దాని వల్ల కరెంటు సరిగా అందదు, చలికాలం పొద్దున్నే బండి మొరాయిస్తుంది. చాలామంది బ్యాటరీ పోయిందని కొత్తది కొనేస్తారు. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని, రెండు తీగలూ తీసి, గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చెంచా వంట సోడా కలిపి టూత్‌బ్రష్‌తో పూయాలి. బుసబుసా నురగ వస్తుంది, యాసిడ్ చస్తున్నదని అర్థం. నురగ ఆగాక తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, తీగలు బిగించాక పైన వాజలీన్ పల్చగా రాయాలి. నీళ్ళు పోసుకునే రకం బ్యాటరీ అయితే మూతలు గట్టిగా ఉండాలి. సోడా నీళ్ళు లోపలికి పోతే ఆ గడి పాడవుతుంది. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దే వద్దు. ఛార్జింగ్‌లో వచ్చే గాలి మండుతుంది.

9. ఆరేదాకా ఓపిక పట్టాలి

పొడిగుడ్డతో తుడిచి, సంచులు లెక్క చూసి తీసి, బానెట్ లేపి ఎండకు గంట వదిలేయాలి. మా ఊరి ఎండకు అది చాలు, వానాకాలమైతే ఇంకొంచెం ఆగాలి. తీగల ప్లగ్గుల సందుల్లో తడి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌ను చల్లగాలి మీద పెట్టి ఊదవచ్చు. ఆ తర్వాత బ్యాటరీ తీగలు బిగించి, ఏసీ వేయకుండా పది నిమిషాలు నడవనివ్వాలి. చెవి పెట్టి వినాలి. శబ్దం తప్పినా, లైటు వెలిగినా ఆపి, ఎక్కడ తడి మిగిలిందో వెతకాలి. తిరిగే ఇంజన్ మీద గుడ్డ పెట్టకూడదు, చొక్కా చేతులు, మెడలో తువ్వాలు దగ్గరికి రానివ్వకూడదు. రేడియేటర్ ఫ్యాను దానంతట అది తిరుగుతుంది. ఇంజన్ ఆపాక కూడా కొన్ని బండ్లలో తిరుగుతుంది.

10. డ్రెస్సింగ్ పల్చగా, బెల్టులు ముట్టకుండా

శుభ్రమైన నల్ల ప్లాస్టిక్, రబ్బరు పైపులు ఎండకు తెల్లబారకుండా రాసే మందును డ్రెస్సింగ్ అంటారు. నీళ్ళ ఆధారంగా చేసినది, జిడ్డు లేనిది ఎంచుకోవాలి. స్పాంజి మీద నాలుగు చుక్కలు వేసుకుని, ప్లాస్టిక్ మూతలకు, పైపులకు పల్చగా రాసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో మిగులు తుడిచేయాలి. వేలు పెట్టి చూస్తే జిడ్డు అంటకూడదు. అంటితే రేపటి దుమ్ముకు అదే పీట వేస్తుంది.

ఫ్యాన్ బెల్ట్‌కు, పుల్లీలకు, పొగ గొట్టానికి, బ్యాటరీ కొనలకు, తీగల ప్లగ్గుల లోపలికి డ్రెస్సింగ్ తగలకూడదు. కొబ్బరినూనె రాస్తే నల్లగా వస్తుందని మా పక్కింటాయన రాశాడు. నిజమే, వచ్చింది. వారంలో చీమలు, తర్వాత ఎలుక కూడా వచ్చాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి నిజాం రోల్స్ రాయిస్ నిలబడి ఉంది, మా వాణ్ణి ఒకసారి పోయి చూడమన్నాను. వందేళ్ళు దాటిన బండి అట్లా నిలిచిందంటే మనుషులు దాన్ని పట్టించుకున్నందుకే. మన బండికి ఆ రాజరికం అక్కరలేదు, ఏటా రెండు పూటలు చాలు. వానలకు ముందు ఒకటి, నిమజ్జనం తర్వాత ఒకటి.

11. చెరువును తలుచుకుని పారబోయాలి

ఇంజన్ కింద పాత గోనెపట్టా, దాని మీద అట్ట పరిచాకే పని మొదలుపెడతాను. ఆయిల్ మడ్డి, మందు నీళ్ళు వాటిలో ఇంకుతాయి. నేరుగా మోరీలోకి వదిలితే అది చివరికి ఏదో ఒక చెరువుకే చేరుతుంది. కూలెంట్ నేలమీద కారితే వెంటనే తుడవాలి, అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి.

నీళ్ళ మాట వచ్చింది కనుక మా గల్లీ వాళ్ళు మరువలేని రోజుల గురించీ చెప్పాలి. 2020 అక్టోబర్ 13న మొదలైన వానకు నగరం మునిగింది. అక్టోబర్ 17 రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీల్లోకి నీళ్ళు వెళ్ళాయి. నీళ్ళు తీశాక ఎంతోమంది చేసిన మొదటి పని బండి తాళం తిప్పి చూడడం. గాలి నోట్లోంచి సిలిండర్‌లోకి నీళ్ళు పోయి ఉంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు నీళ్ళు నలగవు, లోపలి కడ్డీ వంగుతుంది. తుడిచి ఆరబెట్టుకుంటే బతికే ఇంజన్ ఆ ఒక్క తిప్పుతో చస్తుంది. మునిగిన బండికి ఈ ఇంటి వైద్యం పనికిరాదు. తాళం ముట్టకుండా, వీలైతే బ్యాటరీ తీగ తీసి, తోసుకుని మెకానిక్ దగ్గరికి చేర్చాలి.

12. పూజకు ముందు, హారతికి దూరంగా

దసరా ఆయుధపూజకు మన దగ్గర బండి కడగని ఇల్లు ఉండదు. కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడి ముందు పూజకు వచ్చిన బండ్లు చూస్తే తెలుస్తుంది మనవాళ్ళకు బండి అంటే ఏమిటో. ఆ భక్తి ఉన్నవాళ్ళకు నా మాట ఒకటే. కడిగే పని పండుగకు రెండు రోజుల ముందే ముగించండి. పసుపు కుంకుమలు బానెట్ లోపలి రేకు మీద పెట్టుకోండి, బెల్ట్‌కు, ఫిల్టర్‌కు వద్దు. మందు వాసన పోని ఇంజన్ ముందు కర్పూరం వెలిగించవద్దు, బానెట్ దించి, బండి ముందు నిలబడి హారతి ఇవ్వండి.

ఇక ట్యాపెట్ కవర్ పక్కన మచ్చ. ఆ ఆదివారం దాన్ని పూర్తిగా తుడిచి, ఆరాక, పిల్లలకు పూసే పౌడరు ఆ చుట్టూ పల్చగా జల్లించాను. రోజూ టార్చి వేసి చూడమన్నాను. తెల్లటి పౌడరు మీద కొత్త ఆయిల్ ఎక్కడ నుంచి వస్తే అక్కడ తడి గీత పడుతుంది.

ఆయుధపూజకు ముందురోజు పొద్దున ఫోటో పంపాడు. ప్యాకింగ్ అంచు పొడవునా పౌడరు చెక్కు చెదరకుండా తెల్లగా ఉంది. పైన ఆయిల్ పోసే మూత కింద మాత్రం దారంలాంటి నల్లగీత ఒకటి కిందికి దిగింది. "పెద్దనాన్నా, మూత లోపలి రబ్బరు రింగు గట్టిపడి పగిలింది. అదొక్కటే మార్చిన. ఇంజన్ ఇప్పే పని లేదు" అన్నాడు.

"ఎవరు చెప్పిన్రు?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలే. నేనే చూసిన."